పంగలకర్ర ఎముక, అతుకుల రాయి

నేలపట్టు గూడబాతులు డైనోసార్ల సంతతి అని పిల్లలకు చెప్పాలా, వద్దా? ఉమ్మడి నెల్లూరు జిల్లా ఉపాధ్యాయుల్లో ఈ వాదన మళ్లీ రాజుకుంది. 2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో జీవ పరిణామం భాగం మాయమైనప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన లేఖపై సంతకాలు చేశారు. చెప్పవద్దనేవారు ఎప్పటిలాగే 1999 నాటి ‘ఆర్కియోరాప్టర్’ను ముందుకు తెస్తున్నారు. డైనోసార్లకూ పక్షులకూ నడిమి జీవి అని చాటిన శిలాజం అది; తీరా చూస్తే వేర్వేరు జీవుల ముక్కలు అతికించిన రాయి. మోసం నిజమే.

1861 నాటి బవేరియా (జర్మనీ) శిలాజం, సగం పక్షి సగం సరీసృపంలా ఉన్న ఆర్కియోప్టెరిక్స్ సంగతి అందరికీ తెలిసిందే. అసలు మలుపు కోడి మెడ కింద ఉంది. కూరలో పిల్లలు పోటీపడి విరిచే పంగలకర్ర లాంటి ఎముక అది, రెండు జత్రుకలు (మెడ కింద అటూ ఇటూ ఉండే ఎముకలు) కలిసి ఏర్పడింది. డెన్మార్క్ చిత్రకారుడు గెర్హార్డ్ హైల్‌మన్ 1926లో, పోలికలన్నీ కుదిరినా డైనోసార్లకు జత్రుకలే లేవు కాబట్టి పక్షులు వాటి నుంచి రాలేదని తేల్చారు. దాదాపు నలభై ఏళ్లు ఆ మాటే చెల్లింది. విచిత్రమేమిటంటే, మంగోలియాలో దొరికిన ఓవిరాప్టర్ అనే డైనోసార్‌కు ఆ ఎముక ఉంది. 1924లోనే దాని వర్ణన అచ్చయింది కూడా, కాకపోతే మరో ఎముకగా పొరబడ్డారు. లేదన్నది అప్పటికే మ్యూజియంలో ఉంది!

1964లో అమెరికాలోని మోంటానాలో డైనోనికస్ అనే డైనోసార్‌ను కనుగొన్న శిలాజ శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్ దాని మణికట్టులో పక్షి పోలికను పట్టుకుని, పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయన్న పాత వాదాన్ని లేపారు. 1996లో చైనాలోని లియావోనింగ్ నుంచి నూగు కప్పిన సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ శిలాజం ఫోటోలు వచ్చాయి. వాటిని చూసి ఆయన కదిలిపోయారు. (మన ప్రకాశం వైపు వేమవరం పలకరాళ్లూ ఆ శిలాజాల కాలమైన క్రెటేషియస్ యుగపు తొలినాళ్లవే. వాటిలో ఆకుల ముద్రలు దొరికాయి.)

ఇక ఆ అతుకుల రాయి. దాని గుట్టు విప్పింది డైనోసార్ వాదాన్ని కాదన్నవారు కాదు, ఆ వాదాన్ని నమ్మిన చైనా శాస్త్రవేత్త షూ షింగ్. తోకకు జతపలక (శిలాజం ఉన్న రాయి రెండుగా చీలినప్పుడు వచ్చే రెండో సగం) ఆయనకు చైనాలో దొరికింది. మొండెం ఒక ప్రాచీన పక్షిది, తోక ఒక చిన్న డైనోసార్‌ది. ఆ డైనోసార్‌కు 2000లో మైక్రోరాప్టర్ అని పేరు పెట్టారు. 2003లో వర్ణించిన మరో మైక్రోరాప్టర్‌కు చేతులకే కాదు, కాళ్లకూ పొడవాటి ఈకలున్నాయి.