లంకాదహనానికి గరుకు అక్షరం

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మీ స్కూలు వార్షికోత్సవం పోస్టర్ అమ్మ ఫోన్లో చూపించింది. 'లంకాదహనం' అన్న పేరుకి బ్రష్షుతో కొట్టినట్టుండే లావుపాటి ఫాంటు పెట్టారు. భేష్. తోక అంటుకున్నాక అక్షరాలు చేతులు కట్టుకుని నిలబడితే ఏం బాగుంటుంది?

ఆ గరుకు ఎక్కడిదో చెబుతాను. నేను బోర్డులు, గోడలు రాసే రోజుల్లో చదును బ్రష్షుని రంగులో ముంచి ఒక్క ఊపులో లాగేవాణ్ణి. సున్నం కొట్టిన గోడ నున్నగా ఉండదు కదా. గీత చివరికొచ్చేసరికి రంగు అయిపోయి, బ్రష్షు వెంట్రుకలు విడిపోయి చారలు పడేవి. మొదట్లో వాటిని దిద్దేవాణ్ణి. తర్వాత తెలిసింది, అక్షరానికి ఊపు ఇచ్చేది ఆ చారలేనని.

ఇప్పుడు ఆ చారల్ని ఫాంటులోనే గీసి పెడుతున్నారు. చిక్కంతా అక్కడే. మీ పోస్టర్లో 'లం', 'నం' చూడండి. రెండు సున్నాలకీ ఒకే చోట ఒకే గాటు! చేత్తో రాస్తే అలా పడదు. కొన్ని ఫాంట్లలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు ఇస్తారు. తెలుగులో అది చాకిరీ. గుణింతాలు, ఒత్తులు కలిపి ఎలాగూ వందల రూపాలు గియ్యాలి. మీరు ఒక సున్నాని బొమ్మగా మార్చి కాస్త తిప్పండి, చాలు.

అన్నట్టు, తేదీ, టైము, ముఖ్య అతిథి పేరు కూడా అదే ఫాంటులో కొట్టారేం? లావు అక్షరాన్ని చిన్నది చేస్తే దాని పొట్టలోని ఖాళీ పూడుకుపోతుంది. 'థ'లో చుక్క, 'ధ' అడుగున గీటు ముందు మాయమవుతాయి. ఒకసారి కిరాణా కొట్టుకి 'ధనలక్ష్మి' అని బాగా లావుగా రాశాను. గీటు రంగులో కలిసిపోయింది. "దనలక్ష్మి ఏంటయ్యా?" అని షావుకారు సగం డబ్బులే ఇచ్చాడు. మిగతా సగం ఇప్పటికీ రాలేదు.

అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన లక్కిరెడ్డి ఫాంటు ఇలాంటి లావు చేతిరాతే. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. పేరుకి అది వాడి చూడండి. వివరాలకి అక్కడే ఉన్న 'మండలి' అనే ఫాంటు పెట్టండి, పత్రికల కోసం చేసింది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరే దానికి పెట్టారు.

ప్రింటుకి ఇచ్చే ముందు ఒక కాపీ గోడకి అంటించి, పది అడుగులు వెనక్కి వెళ్లి చదవండి. అతిథి పేరులో ఒత్తు పోతే టెన్షన్ మీ హెడ్మాస్టరు గారికి.

నాకు ముందు వరసలో కుర్చీ ఉంచండి. కళ్లజోడు మార్చాలి, ఇంకా మార్చలేదు.

మీ తాతయ్య