చిరువ్యాపారి అప్పు: కృష్ణా, గుంటూరుల్లో పాతికేళ్ల కథ

విజయవాడలో తోపుడుబండి మీద వ్యాపారం చేసేవాళ్లకు రోజువారీ ఫైనాన్సు లెక్క నోటికి వచ్చు. పదివేలు అప్పు రాస్తారు, వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వసూలుకు వచ్చిన కుర్రాడు డబ్బు తీసుకుని కార్డు మీద ఒక గడి కొట్టేసి పోతాడు. వెయ్యే కదా అనిపిస్తుంది. అసలు సొమ్ము రోజురోజుకూ తరుగుతుంది కాబట్టి, సరిగ్గా లెక్క కడితే వడ్డీ ఏడాదికి 75 శాతం దాటుతుంది.

దీనికి పోటీగా రెండు దారులు వచ్చాయి. గ్రామీణ మహిళల కోసం డ్వాక్రా పథకం 1982లోనే మొదలైనా, మన దగ్గర పొదుపు సంఘాలు ఊపందుకున్నది నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలపడం ప్రారంభించింది. సంఘం అప్పు చవకే, కానీ ముందు పొదుపు చేయాలి, తర్వాత బ్యాంకు చుట్టూ తిరగాలి. సరుకు రేపు ఉదయమే కావలసినవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? ఆ ఖాళీలోకే ప్రైవేటు సంస్థలు వచ్చాయి. వాటిలో పెద్దవాటిలో ఒకటైన స్పందన 1998లో గుంటూరులోనే పుట్టింది. తాకట్టు లేదు, బృందంగా చేరిన కొద్దిమంది మహిళలు ఒకరికొకరు పూచీ, వారం వారం వాయిదా.

సంఘాల్లోని మహిళలకే ఈ సంస్థలూ అప్పులిచ్చాయి. ఒకే ఇంట్లో మూడు నాలుగు వాయిదాలు పడ్డాయి. అధిక వడ్డీ, వసూళ్లలో వేధింపులు, ఆత్మహత్యల ఆరోపణల మధ్య 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం సుమారు 50 శాఖలు మూయించింది. రాజీ కుదిరింది, వడ్డీ కొంత తగ్గింది, అప్పులు మళ్లీ పెరిగాయి. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది: సంస్థలు జిల్లాలో నమోదు కావాలి, వాయిదా నెలకోసారే, వసూలు ఇంటి గడప దగ్గర కాదు. వసూళ్లు కుప్పకూలాయి, కొత్త అప్పులు ఆగిపోయాయి.

వేధింపులను ఆపడం అవసరమే. కానీ సరుకు కొనడానికి డబ్బు కావలసిన మనిషి ఎక్కడికి పోవాలన్నది ఆ చట్టం ఆలోచించలేదు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్‌మనీ (ఫోన్ చేస్తే చాలు, అధిక వడ్డీకి ఇచ్చే ప్రైవేటు అప్పు) దారుణాలకు ఇదొక్కటే కారణమనను, కానీ దారి చూపిన కారణాల్లో ఇదీ ఒకటని నా అభిప్రాయం.

ఇంతకీ ఈ అప్పులతో వ్యాపారం పెరిగిందా? హైదరాబాదులో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 104 బస్తీలను తీసుకుని, వాటిలో సగం చోట్ల స్పందన శాఖలు తెరిచాక తేడా పరిశీలించింది. సగటు కుటుంబం ఖర్చు పెరగలేదు, పేదరికం మాయం కాలేదు. అప్పటికే దుకాణమో బండో నడుపుతున్నవాళ్లు మాత్రం పెట్టుబడి పెంచారు. అప్పు వ్యాపారాన్ని పుట్టించకపోవచ్చు, ఉన్నదాన్ని పెంచగలదన్నమాట.

పెరగడానికి వాయిదా తేదీ కూడా కలిసిరావాలి. ఇడ్లీ బండికి రోజూ గల్లా నిండుతుంది, వారం వాయిదా బరువు కాదు. గుంటూరులో మిరపకాయలు కొని కారం ఆడించి అమ్మే ఆమెకు సీజన్‌లో పెట్టిన డబ్బు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. మొదటి వాయిదా వచ్చే వారమే అంటే, అప్పులోంచే అప్పు కడుతుంది. 2022లో రిజర్వు బ్యాంకు ఈ చిన్న అప్పుల మీద వడ్డీ పరిమితి ఎత్తివేసి, కుటుంబం మొత్తం వాయిదాలు నెల ఆదాయంలో సగం మించకూడదంది. ఆ ఆదాయం ఏ నెలది అన్నదే కారం ఆడించే ఆమె అడగవలసిన ప్రశ్న.