ట్రెల్లో నుంచి ఎయిర్‌టేబుల్‌కు ఆటోమేషన్: అపోహలు - వాస్తవాలు

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు చిన్న చిన్న వ్యాపారాలకు నేను చేసిపెట్టే పని ఇదే. పోరలు ఫోన్ల ట్రెల్లో (ఒక్కో పనిని ఒక్కో కార్డు లెక్క బోర్డు మీద పెట్టి, ఒక లిస్టుల నుంచి ఇంకో లిస్టులకు జరిపే యాప్) కార్డులు కదుపుతుంటరు, ఆ కార్డుల ఉన్న ముచ్చటంతా ఎయిర్‌టేబుల్‌లనో సుపాబేస్‌లనో వచ్చి పడాలె (రెండూ ఆన్‌లైన్ డేటాబేస్‌లే, అంటే వరుసలు, కాలమ్‌లు ఉండే పట్టికలు), అప్పుడు ఓనర్ ఆఫీసుల కూసోని ఏ ఊర్ల ఎంత పని పెండింగుంది, ఎవరి బిల్లు ఇంక రాలే అని చూసుకుంటడు. మధ్యల మేక్, జాపియర్, ఎన్‌ఎయిట్‌ఎన్ లాంటి లో-కోడ్ టూల్ ఒకటి ఉంటది, అంటే కోడ్ పెద్దగ రాయకుండనే ఒక యాప్‌ల సమాచారాన్ని ఇంకో యాప్‌కు మోసేది. రైస్ మిల్లుకైనా డ్రిప్ డీలర్‌కైనా చీరల షాపుకైనా మస్తు పనికొస్తది, మన దగ్గర ఇది ఇంక పెరగాలె. కానీ ఎక్కడికి పోయినా అవే నమ్మకాలు అడ్డం పడుతున్నయ్, అందుకే ఒక్కకాడ రాసి పెడుతున్న.

అపోహ: కోడింగ్ లేదు గదా, అరగంటల అయిపోతది.

వాస్తవం: కలపడం వరకు అరగంటే, అది నిజమే. రెండు దిక్కుల లాగిన్ అయ్యి, ట్రిగ్గర్ (ఏది జరిగితే ఆటోమేషన్ లేవాలె అనేది) పెట్టి, ఈ బాక్సు ఆ కాలమ్‌కు అని మ్యాప్ చేస్తే నడుస్తది. టైమంతా పట్టేది దానికంటే ముందు, ఏ సమాచారానికి ఏ దిక్కు మాట చెల్లుతది అని తేల్చుకునే కాడ. దేవరకొండ దిక్కు ఒక డ్రిప్ డీలర్‌ను అనుకోండి. బత్తాయి తోటల లేటరల్ పైపు ఎలుకలు కొరికినయ్ అని రైతు ఫోన్ చేస్తడు, ఆఫీసుల ఉన్నాయన కార్డు పెడతడు, మెకానిక్ పోయి బాగుచేసి కార్డును అయిపోయిన లిస్టులకు జరుపుతడు. ఇక్కడ పని ఎంతదాంక వచ్చింది అనేది ట్రెల్లో చెప్పాలె, బిల్లు ఎంత, పైసలు వచ్చినయా అనేది డేటాబేస్ చెప్పాలె. రైతు ఫోన్ నంబర్ మారితే ఎక్కడ మార్చాలె? ఈ ప్రశ్నకు ఇద్దరు మనుషులు రెండు జవాబులు చెప్తున్నరంటే ఇంక టూల్ ఓపెన్ చేయొద్దు. ముందు కాగితం మీద ప్రతి కాలమ్ ఎదురుంగ ట్రెల్లో అనో డేటాబేస్ అనో రాసుకోండి, తర్వాత సగం తలనొప్పి ఉండదు.

అపోహ: కార్డు పెట్టంగనే డేటాబేస్‌ల పడ్తది.

వాస్తవం: అది ట్రిగ్గర్‌ను బట్టి. కొన్ని ట్రిగ్గర్లు వెబ్‌హుక్ మీద నడుస్తయ్, అంటే కార్డు కదలంగనే ట్రెల్లోనే కబురు పంపుతది. కొన్ని పోలింగ్ మీద, అంటే మన టూలే మాటిమాటికి పోయి కొత్తది ఏమన్న ఉందా అని అడిగి వస్తది. ఫ్రీ ప్లాన్ల మేక్‌లనైనా జాపియర్‌లనైనా పోలింగ్ అయితే 15 నిమిషాలకు ఒకసారే. ఇక్కడ ఒక లెక్క చాలామంది చూస్తలేరు. మేక్‌ల కొత్త కార్డు ఏమీ లేకున్నా అట్ల పోయి చూసి వచ్చినందుకు ఒక క్రెడిట్ కట్ అయితది, 15 నిమిషాలకు ఒకటంటే రోజుకు 96, ఫ్రీగ ఇచ్చేది నెలకు 1000, అంటే ఒక్క కార్డు కూడా పెట్టకున్నా పదకొండో రోజుకే కోటా ఖతం. జాపియర్‌ల అట్ల కాదు, చూసి వచ్చినందుకు లెక్కలేదు, అవతల పని జరిగితేనే టాస్క్ కింద పడ్తది, కాకపోతే అక్కడ ఫ్రీ కోటానే నెలకు 100. అందుకే వీలైన కాడల్ల వెబ్‌హుక్ ట్రిగ్గరే పెట్టండి, కుదరకపోతే రాత్రిపూట నడవకుండ షెడ్యూల్ పెట్టండి, రాత్రి పన్నెండు గంటలకు మన మెకానిక్ ఎట్లాగు కార్డు జరపడు. ఈ ప్లాన్లు, రేట్లు మారుతుంటయ్, మొదలుపెట్టే ముందు ఆ కంపెనీ ప్రైసింగ్ పేజీ ఒకసారి చూసుకోండి.

అపోహ: రైతు పేరు, ఊరు పెట్టి వెతికితే సరిపోతది, ఐడీ ఎందుకు?

వాస్తవం: నేను చూసిన గందరగోళంల ఎక్కువ భాగం దీనివల్లే. ఆటోమేషన్ల 'కొత్త రికార్డు సృష్టించు' అనే స్టెప్ పెట్టి వదిలేస్తరు, కార్డు రెండోసారి కదిలితే రెండో వరుస, మూడోసారి కదిలితే మూడోది. పైనుంచి అవతల జవాబు రాకపోతే వెబ్‌హుక్ అదే కబురును మల్ల పంపుతది, అది దాని తప్పు కాదు, దాని పద్ధతే అంత. సరే, ముందు వెతికి తర్వాత అప్‌డేట్ చేద్దామని పేరు పెట్టి వెతుకుతరు. ఒక్క ఊర్లనే ఒకే పేరు ఉన్నోళ్లు నలుగురు ఉంటరు, ఇంటిపేరు ఒకరు ముందు రాస్తరు, ఒకరు వెనుక రాస్తరు, ఇంకొకరు రానే రాయరు. దీనికంటే కష్టమైంది ఇంకోటి ఉంది. తెలుగుల టైప్ చేసినప్పుడు శ్రీనివాస్, రాజ్‌కుమార్ లాంటి పేర్లల్ల పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక క్యారెక్టర్ కూర్చుంటది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటరు దాన్ని. ఒక కీబోర్డు పెడ్తది, ఒకటి పెట్టదు. పేరు చివర్ల అది ఉన్నా లేకున్నా స్క్రీన్ మీద మనకు రెండు శ్రీనివాస్‌లు ఒక్కతీరే కనపడ్తయ్, డేటాబేస్‌కు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు. గంటలు గంటలు వెతికినా దొరకదు ఇది. ప్రతి ట్రెల్లో కార్డుకు 24 అక్షరాల ఐడీ ఉంటది, పేరు మార్చినా లిస్టు మార్చినా అది మారదు. డేటాబేస్‌ల దానికొక కాలమ్ పెట్టి, దాని మీద అప్‌సర్ట్ చేయండి, అంటే ఉంటే మార్చు, లేకపోతే కొత్తది పెట్టు అని. మేక్‌ల ఎయిర్‌టేబుల్‌కు ఈ మాడ్యూల్ (రెడీమేడ్ స్టెప్) రెడీగనే ఉంటది. సుపాబేస్ అయితే లోపల ఉన్నది పోస్ట్‌గ్రెస్, అండ్ల ఈ సౌలత్ 2016ల వచ్చిన 9.5 వెర్షన్ నుంచే ఉంది, ఐడీ కాలమ్‌ను యూనిక్ (ఒకే ఐడీ రెండుసార్లు పడకుండ) చేసుడు మాత్రం మర్చిపోవద్దు.

అపోహ: అంకెలు, తేదీలు అదే సర్దుకుంటది.

వాస్తవం: అది సర్దుకోవాలని చూస్తది కాబట్టే చెడిపోతది. గూగుల్ షీట్స్‌నే డేటాబేస్ లెక్క వాడేటోళ్లు ఈ మాట బాగ వినాలె. మన టౌన్లల్ల ఇంటి నంబర్ 5-6-12 అట్ల ఉంటది, షీట్‌కు అది తేదీ లెక్క కనపడ్తది. సర్వే నంబర్ 12/3 కూడా అంతే. మాడ్యూల్ల విలువను ఎట్ల రాయాలని అడిగే కాడ 'రా' (Raw, అంటే ఎట్ల పంపినమో అట్లనే) అని పెట్టండి, ఎయిర్‌టేబుల్‌ల అయితే ఆ కాలమ్‌ను మామూలు టెక్స్ట్ చేయండి. ఇంక తేదీల సంగతి. ట్రెల్లో డ్యూ డేట్‌ను (పని గడువును) ప్రపంచమంతా లెక్కకు పట్టే యూటీసీ టైమ్‌ల పంపుతది, మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటం. మిర్యాలగూడల కోతల సీజన్ల పొద్దున 4 గంటలకు వడ్ల లారీ దిగాలె అని 12వ తారీఖు కార్డు పెడ్తరు, అది 11వ తారీఖు రాత్రి 10:30 అయ్యి పోతది, తేదీ ఒక్కటే కోసుకొని రాసుకుంటే లారీ నిన్నటి లెక్కల పడ్డట్టే. పగటి కార్డులన్నీ సక్కగనే కనపడ్తయ్, ఐదున్నర లోపువే తప్పుతయ్, అందుకే టెస్టింగ్‌ల ఇది బయటపడదు. తేదీ ఫార్మాట్ చేసే కాడ టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని రాయాలె, టెస్ట్ కార్డు ఒకటి కావాలని తెల్లారుజాము టైమ్‌కు పెట్టి చూడాలె.

అపోహ: రెండు దిక్కుల సింక్ ఉంటేనే మంచిది.

వాస్తవం: నా అభిప్రాయం అయితే నూటికి తొంభై మందికి అది అక్కర్లేదు. ట్రెల్లోల మారితే డేటాబేస్ మారుతది, డేటాబేస్ మారింది గదా అని రెండో ఆటోమేషన్ లేచి ట్రెల్లోను మారుస్తది, అది చూసి మొదటిది మల్ల లేస్తది. తెల్లారేసరికి కోటా అంతా అయిపోతది. తప్పదు అంటే ఆటోమేషన్‌కు సెపరేట్ అకౌంట్ పెట్టి, ఆ అకౌంట్ చేసిన మార్పులను ఫిల్టర్‌ల ఆపేయండి.

అపోహ: పాత కార్డులన్నీ ఒక్కసారి పంపితే ఎక్కుతయ్.

వాస్తవం: ఎయిర్‌టేబుల్ ఏపీఐ (బయటి టూల్స్ సమాచారం పంపే దారి) ఒక బేస్‌కు, అంటే ఒక డేటాబేస్‌కు, సెకనుకు 5 రిక్వెస్టులే తీసుకుంటది, దాటితే 429 అని ఎర్రర్ ఇచ్చి 30 సెకన్లు ఆగమంటది. ఒక్క రిక్వెస్టుల 10 రికార్డులు పంపొచ్చు, అట్ల కట్టలు కట్టి పంపండి. ఫ్రీ ప్లాన్ల బేస్‌కు 1000 రికార్డులే, బిజీ ఉన్న మిల్లుకు అది సీజన్‌కు కూడా సరిపోదు.

అపోహ: ఫెయిల్ అయితే మనకు తెలుస్తది గదా.

వాస్తవం: మెయిల్ అయితే వస్తది, కానీ ఆ మెయిల్ ఐడీ ఎవరిది? ఎప్పుడో ఉద్యోగం మానేసిన పోరనిది. వరుసగా ఎర్రర్లు వస్తే మేక్ ఆ సీనారియోనే (మనం కట్టిన ఆటోమేషన్‌నే) ఆఫ్ చేస్తది, కార్డులు మాత్రం కదులుతనే ఉంటయ్, ఓనర్ పాత లెక్కలు చూసి అంతా బాగుందనుకుంటడు. పైగా ఆ పోరని అకౌంట్ తీసేసిన నాడు కనెక్షనే తెగిపోతది. కనెక్షన్లన్నీ షాపు పేరు మీద ఉన్న మెయిల్‌తోనే పెట్టాలె, ఎర్రర్ వస్తే టెలిగ్రామ్ గ్రూపుకు మెసేజ్ పోయేటట్టు ఇంకో దారి కట్టాలె. దాంతోపాటు ప్రతిరాత్రి ఒకసారి బోర్డుల ఓపెన్ ఉన్న కార్డుల ఐడీలు, డేటాబేస్‌ల ఓపెన్ ఉన్న వరుసల ఐడీలు పక్కపక్కన పెట్టి తేడా చూసే చిన్న సీనారియో తప్పకుండ పెట్టండి. డిలీట్ చేసిన కార్డులు పట్టుబడేది దీనితోనే, ఎందుకంటే మనం ఎక్కువగ వాడే ట్రిగ్గర్లు కొత్తవి, మారినవి చూస్తయ్ గని మాయమైనవి చూడవు.

సుపాబేస్ వాడేటోళ్లకు ఇంకొక్కటి. సర్వీస్ రోల్ కీ (డేటాబేస్‌కు తాళంచెవి లాంటి పొడుగు కోడ్) అనేది రో లెవల్ సెక్యూరిటీని, అంటే ఎవరికి ఏ వరుసలు కనపడాలె అనే కాపలాను, దాటుకొని పోతది, అది ఎవరి చేతిల ఉంటే వాళ్లకు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు అన్నీ కనపడ్తయ్. దాన్ని వాట్సాప్ గ్రూపుల పెట్టుడు చూస్తున్న, దయచేసి బంద్ చేయండి, ఇప్పటికే పెట్టి ఉంటే మెసేజ్ డిలీట్ చేసి ఊకోవద్దు, డాష్‌బోర్డుల కీనే మార్చి కొత్తది ఆటోమేషన్ల వేసుకోండి.