లేత్ పనోరమా ఫోటోలు: అపోహలు, వాస్తవాలు, అయిదు జాల చక్కు

హన్మకొండల మా ఇంటెనక రూముల చిన్న లేత్ (ఇనుప ముక్కను తిప్పుకుంట చెక్కే మిషన్) ఉంది, 5 ఫీట్ల పొడుగు, ఫోటో తీద్దామని వెనక్కి జరిగితే 3 ఫీట్లకే గోడ తగుల్తది. అందుకే ముక్కలు ముక్కలుగ తీసి సాఫ్ట్‌వేర్ల అతికిస్త. మొదట్ల గట్ల అతికించిన ఫోటో ఒకటి కరీంనగర్ల ఒకాయనకు పంపిస్తే, ఆయన ఫోన్ చేసి "అన్నా, ఫోర్ జా చక్కుకు అయిదు జాలున్నయేంది, స్పెషల్ ఆర్డరా" అన్నడు. చక్కు అంటే ముక్కను బిగబట్టే భాగం, జా అంటే దాని దవడ, ఫోర్ జా చక్కుకు నాలుగే ఉంటయి.

అపోహ: ఫోన్ల పనోరమా ఉన్నది గదా, ఇంకేం కావాలె.
ఖిలా వరంగల్ తోరణాల కాడ నిలబడి ఫోన్ తిప్పితే మంచిగనే వస్తది, ఎందుకంటే అక్కడ అన్ని దూరంగ ఉంటయి, చెయ్యి చాపి తిరిగేటప్పుడు లెన్స్ జానెడు జరిగినా ఫరక్ పడదు. లేత్ కాడ టూల్ పోస్ట్ (చెక్కే పనిముట్టును పట్టుకునే దిమ్మె) మూతి ముందల, గోడ వెనక, లెన్స్ నాలుగు వేళ్లు జరిగినా టూల్ పోస్ట్ వెనక కనబడే గోడే మారిపోతది, ఒకటి కలిపితే ఇంకోటి తెగుతది. అయిదో జా గట్లనే పుట్టింది.

అపోహ: ట్రైపాడ్ పెడ్తే సరిపోతది.
ఇది ఇంకా పెద్దది. ట్రైపాడ్ స్క్రూ కెమెరా బాడీ కింద ఉంటది, తిప్పాల్సిందేమో లెన్స్ ఎంట్రన్స్ ప్యూపిల్ (ముందటికెల్లి చూస్తే లెన్స్ లోపల కనబడే రంధ్రం) మీద. చాలమంది నోడల్ పాయింట్ అంటరు, పేరు తప్పే గని చెప్పేది దీని గురించే. దొరకబట్టుడు అల్కనే: దగ్గర ఒక డ్రిల్ బిట్ నిలబెట్టి, దూరంగ ఉన్న తలుపు అంచుతోని ఒకే లైన్ల పెట్టుకోని కెమెరా అటిటు తిప్పుండ్రి, రెండు విడిపోతుంటే కెమెరాను ముందుకో వెనక్కో జరుపుండ్రి, విడిపోవుడు ఆగిందంటే అదే జాగ. నేను అల్యూమినియం పట్టీకి స్లాట్ కొట్టుకున్న. ఫోన్‌కైతే లెన్స్ పక్కన దారం అతికించి కింద నట్టు వేలాడదీసి, నేల మీద చాక్‌పీస్ గుర్తు మీదికెల్లి నట్టు జరగకుండ చుట్టు తిరుగుడే. చూసినోళ్లు నవ్వుతరు, నవ్వనీయుండ్రి.

ఎన్ని ఫోటోలు ఎక్కువుంటే అంత మంచిదంటరు, కాదు, నిలువుగ 4, 5 చాలు, ఒకదాని మీద ఇంకోటి మూడో వంతు పడితే అయిపాయె. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడు లాక్ చేసుడు మాత్రం మర్చిపోవద్దు.

అపోహ: సాఫ్ట్‌వేర్ అంతా అదే చూసుకుంటది.
నేను ఫోటోలు అతికించే సాఫ్ట్‌వేర్ హుగిన్, ఫ్రీ కాబట్టి నాసిరకం అనుకునేటోళ్లు కూడ ఉన్నరు, అది హెల్ముట్ డెర్ష్ 1998ల మొదలుపెట్టిన పనోరమా టూల్స్ మీద కట్టింది, గట్టిదే. గని లీడ్ స్క్రూ (లేత్ పొడుగునా ఉండే మరల కడ్డీ) కాడ దాని తెలివి నడవది, మరలన్నీ ఒక్క తీరుగ ఉంటయి గదా, ఒక మర పక్క మరతోని జోడిస్తది, బెడ్ (లేత్ భాగాలన్నీ కూసునే పొడుగు దిమ్మె) మీద మెట్టు పడ్తది. ఆ కంట్రోల్ పాయింట్లు (రెండు ఫోటోలల్ల ఒకే జాగ అని సాఫ్ట్‌వేర్ పెట్టిన గుర్తులు) చేతితోని తీసేయాలె. నేనైతే ముందే వెనక గోడకు నంబర్లు రాసిన కాగితాలు అంటిస్త, పట్టు దొరుకుతది.

బెడ్ అరటిపండు లెక్క వంగిందంటే మిషన్ తప్పు కాదు, సిలిండ్రికల్ ప్రొజెక్షన్ తప్పు (ప్రొజెక్షన్ అంటే అతికించిన ఫోటోను చదునుగ పరిచే తీరు). రెక్టిలీనియర్ పెట్టుండ్రి, గీత గీతలాగనే ఉంటది, అంచులు జర సాగుతయి అంతే.

ఇగ ఆ కరీంనగర్ ఆయన మళ్ల ఫోన్ చేసి ఫోటో మీద స్కేల్ పెట్టి సెంటర్ల నడుమ దూరం (లేత్ల ఎంత పొడుగు ముక్క పడ్తదో) ఎంతో కొలుస్త అన్నడు. వద్దు అన్నా అని టేపు పట్టి కొలిచి చెప్పిన.