లోకల్ కేబుల్ ఛానల్: అపోహలు - వాస్తవాలు

ప్లేఅవుట్ (కార్యక్రమాలను వరుసగా ప్రసారానికి పంపడం), హెడ్‌ఎండ్ (ఛానళ్లన్నిటినీ ఒకచోట చేర్చి కేబుల్‌లోకి పంపే కేంద్రం) పనులు చూసే వ్యక్తిగా, మా రంగం గురించి తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: శాటిలైట్ ఛానళ్లను చూసి లోకల్ ఛానళ్లు పుట్టాయి.

వాస్తవం: ముందుగా వచ్చింది కేబులే. 1980లలోనే అపార్ట్‌మెంట్లలోనూ కాలనీల్లోనూ ఒకచోట వీసీఆర్ పెట్టి, ఇంటింటికీ తీగ లాగి సినిమాలు చూపించినవారు ఉన్నారు. 1991 గల్ఫ్ యుద్ధ కాలంలో విదేశీ ఉపగ్రహ ప్రసారాల మీద ఆసక్తి పెరిగినప్పుడు వాటిని ఇళ్లకు చేర్చింది ఆ తీగలే. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం 1995లో గాని రాలేదు.

అపోహ: ఒక టవర్ నిలబెడితే ఊరంతటికీ ప్రసారం చేయవచ్చు.

వాస్తవం: చేయకూడదు. మన దేశంలో భూతల టీవీ ప్రసారం, అంటే టవర్ నుంచి గాలిలో నేరుగా ఇళ్ల యాంటెనాలకు పంపడం, దూరదర్శన్‌కే పరిమితం.

అపోహ: స్టూడియోలో బటన్ నొక్కగానే ఇళ్లలో బొమ్మ వస్తుంది.

వాస్తవం: అనలాగ్ రోజుల్లో ఇది చాలావరకు నిజమే. ఆపరేటర్ గదిలో, బొమ్మను కేబుల్‌లో పంపదగ్గ సిగ్నల్‌గా మార్చే మాడ్యులేటర్ నుంచి సిగ్నల్ నేరుగా కేబుల్‌లోకి వెళ్లేది. 2011 చట్టసవరణతో మొదలై 2017 మార్చి దాకా దశలవారీగా సాగిన డిజిటలీకరణ ఆ దారిని పూర్తిగా మార్చేసింది. ఇప్పుడు మా ఫీడ్ ముందుగా ఎంఎస్ఓ (మల్టీ సిస్టమ్ ఆపరేటర్, అంటే లోకల్ ఆపరేటర్లకు ఛానళ్లు అందించే పెద్ద కేబుల్ సంస్థ) హెడ్‌ఎండ్‌కు చేరాలి. అక్కడ ఎన్‌కోడర్ దాన్ని కుదిస్తుంది, మల్టీప్లెక్సర్ మిగతా ఛానళ్లతో కలుపుతుంది, ఆ తర్వాత ఎన్‌క్రిప్ట్ అయి (చందాదారుల బాక్సులు మాత్రమే విప్పగలిగేలా తాళం పడి), ఫైబర్ మీదుగా వీధిలోని నోడ్‌కూ (ఫైబర్ సిగ్నల్‌ను మామూలు కేబుల్‌లోకి మార్చే పెట్టె), అక్కడి నుంచి సిగ్నల్ బలం పెంచే యాంప్లిఫయర్లు దాటి సెట్‌టాప్ బాక్సుకూ చేరుతుంది. అనలాగ్‌లో ఒక్క ఛానల్ పట్టిన 8 మెగాహెర్ట్జ్ జాగాలో ఇప్పుడు పదికి పైగా ఛానళ్లు సర్దుకోవడం ఈ మార్పు వల్ల కలిగిన మేలు. అయితే ఇంత దారిలో ఎక్కడ కరెంటు పోయినా, ఎక్కడ ఫైబర్ తెగినా, ప్రేక్షకుడికి కనిపించేది నల్లటి తెరే. స్టూడియో మానిటర్‌లో మాత్రం బొమ్మ చక్కగా ఉంటుంది. అందుకే కంట్రోల్ రూములో రెండు తెరలు తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను: ఒకటి మనం పంపుతున్నది చూపాలి, రెండోది మామూలు చందాదారుడి బాక్సు ద్వారా తిరిగి వస్తున్నది చూపాలి. రెండోది కొన్ని సెకన్లు వెనకబడడం సహజం. అది ఆగిపోయి మొదటిది నడుస్తుంటే, ప్లేఅవుట్ కంప్యూటర్ జోలికి పోకుండా లైన్‌మన్‌కు ఫోన్ చేయాలి.

అపోహ: లోకల్ ఛానలే కదా, నిబంధనలు అంతగా వర్తించవు.

వాస్తవం: మాకు అన్నిటికన్నా ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. కార్యక్రమాల్లో, ప్రకటనల్లో ఏవి చూపకూడదో చెప్పే ప్రోగ్రామ్ కోడ్, అడ్వర్టైజింగ్ కోడ్ మాకూ వర్తిస్తాయి. సినిమా డీవీడీ కొన్నంత మాత్రాన దాన్ని ప్రసారం చేసే హక్కు రాదు; హక్కుదారుడి అనుమతి విడిగా తీసుకోవాలి. 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఎంఎస్ఓ నడిపే ఇలాంటి ఒక్కో ఛానల్‌ను 1,000 రూపాయల రుసుముతో నమోదు చేయించాలి. స్థానిక వార్తలు ఇవ్వాలంటే ఆ ఎంఎస్ఓ కంపెనీగా రిజిస్టర్ అయి ఉండాలి. ప్రసారమైన ప్రతి కార్యక్రమం రికార్డింగునూ 90 రోజులు భద్రపరచాలి. రికార్డింగు నిలవకు పెట్టే డబ్బును చాలామంది దండగ ఖర్చుగా చూస్తారు గాని, ఒక వార్త మీద ఫిర్యాదు వచ్చిన రోజున మనం ఏం చెప్పామో, ఏం చెప్పలేదో చూపించగలిగేది ఆ ఫైలు ఒక్కటే.