పప్పు ఉడికితే మంచినీళ్ళేనా: పడమటి ప్రకాశం ఫ్లోరైడ్ గొడవ వెనక కథ

ఎండలు ముదిరేసరికి కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఏటా లేచే గొడవే మళ్ళీ లేచింది. కుళాయిలో వచ్చేవి నాగార్జునసాగర్ నీళ్ళేనని అధికారులు అంటారు. సాగర్ నీళ్ళు కొన్ని, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు కొన్ని కలిపి వదులుతున్నారని ఊళ్ళవాళ్ళు అంటారు. క్యాన్ నీళ్ళ ప్లాంట్ల వాళ్ళు ఏమీ అనరు, వాళ్ళ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. ఈ గొడవ ఎప్పుడు లేచినా చివరికి ఒకే మాట దగ్గర ఆగుతుంది: ఇంటింటికీ కుళాయి ఇచ్చాం, జనానికే అవగాహన లేదు.

నీళ్ళ గురించి ఈ జనానికి ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పారో వెనక్కి వెళ్ళి చూస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరి పళ్ళనీ ఎముకలనీ దెబ్బతీసే జబ్బు, మొదట బయటపడింది ఇక్కడేనని, అది 1937 అని, అప్పటికి ఇవి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా తాలూకాలని, 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అయింది) ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయని ఈ ప్రాంతం గురించి రాసే ప్రతివాళ్ళూ రాస్తారు. ఆ భాగం వదిలేద్దాం. అందులో ఒక్క సంగతి మాత్రం ఇవాళ్టి గొడవకి పనికొస్తుంది. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు వైద్య పత్రికలో రాయడానికి కొన్నేళ్ళ ముందే రైతులు ఈ జబ్బుని తమ ఎద్దుల్లో చూశారు. కీళ్ళు బిగుసుకుపోయి, కాడి కట్టినా నడవలేక నిలబడిపోయిన ఎద్దులవి. అంటే చూపు లేని జనం కాదు వీళ్ళు. శాస్త్రం తర్వాత వచ్చింది.

మరి ముందే చూసిన జనం ఆ తర్వాత మూడు తరాలపాటు అవే నీళ్ళు ఎందుకు తాగారు? వేరే నీళ్ళు లేక, అన్నది సగం జవాబు. మిగతా సగం బోరింగు దగ్గర ఉంది.

బోరింగులు రాకముందు ఊరికి ఒకటో రెండో మంచినీళ్ళ బావులు ఉండేవి. మిగతావి ఉప్పునీళ్ళ బావులు, వాటి నీళ్ళు పశువులకీ వాడుకకీ. మంచినీళ్ళ బావి అని ఎలా తేల్చేవాళ్ళు? నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండకూడదు. కంటికి తేటగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పప్పు ఉడకాలి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అత్త చెప్పే మొదటి సంగతుల్లో ఏ బావి నీళ్ళకి కందిపప్పు ఉడుకుతుందో కూడా ఒకటి. రోగాల విషయంలో ఈ బావులు గొప్పవేం కావు. వానాకాలం కలరా వచ్చేది. దిగుడుబావుల్లో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకునే చోట్ల నారికురుపు (తాగే నీళ్ళతో ఒంట్లోకి చేరే పురుగు వల్ల వచ్చే జబ్బు) ఉండేది.

1960ల చివర్లో ఉత్తరాదిని కరువు కుదిపేసినప్పుడు యునిసెఫ్ సాయంతో రాతినేలలో బోర్లు వేసే రిగ్గులు దేశంలోకి వచ్చాయి. 1970ల చివర్లో ఇండియా మార్క్-2 చేతిపంపు తయారైంది. 1981 నుంచి 1990 దాకా ఐక్యరాజ్యసమితి మంచినీటి దశాబ్దం. 1980లలోనే నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలైంది, ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇవన్నీ కలిసి పల్లెకి మోసుకొచ్చిన మాట ఒకటే: బావి నీళ్ళు తాగొద్దు, బోరింగు నీళ్ళు తాగండి.

ఆ రోజుకి అది తప్పు మాట కాదు. నారికురుపు పోయింది. 1996 తర్వాత దేశంలో ఒక్క కేసూ లేదు, 2000లో ఆ జబ్బు లేని దేశంగా గుర్తింపు వచ్చింది. ప్రజారోగ్యంలో ఇంత శుభ్రమైన విజయాలు అరుదు.

పైగా బోరింగు తెచ్చినది నీళ్ళు ఒక్కటే కాదు. ఊరి మంచినీళ్ళ బావి గిలక మీద మాలపల్లె, మాదిగపల్లె వాళ్ళు చెయ్యి వెయ్యగలిగిన రోజులు కావవి. ఎవరో ఒకరు జాలిపడి పైనుంచి కడవలో పోస్తే తెచ్చుకోవాలి. పల్లె మధ్యలో బోరింగు పడిన రోజున ఆ నిలబడటం తప్పింది. ఆ పంపు నీళ్ళు మంచివి కావని తర్వాత ఎవరైనా వచ్చి చెబితే ఆ మాట ఎలా వినపడుతుందో ఊహించుకోవచ్చు. అవగాహన సభల్లో మాట్లాడేవాళ్ళు ఈ సంగతి ఎత్తగా నేనైతే వినలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఫ్లోరైడ్‌కి ఈ మోతాదుల్లో రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. నాలుకకీ కంటికీ అది దొరకదు. అంతకంటే పెద్ద ఇబ్బంది పప్పు దగ్గర వచ్చింది. కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. కానీ ఆ కాల్షియమే ఫ్లోరైడ్‌ని ఎక్కువగా కరగనివ్వదు. కాల్షియం తక్కువై సోడియం బైకార్బొనేటు ఎక్కువైన నీళ్ళలోనే ఫ్లోరైడ్ బాగా కరిగి ఉంటుంది. సోడియం బైకార్బొనేటు అంటే వంటసోడా. పప్పు ఉడకకపోతే మనం చిటికెడు వేస్తాం చూడండి, అదే. కాబట్టి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు చాలాసార్లు తియ్యగా, మెత్తగా, పప్పు చక్కగా ఉడికించేవిగా ఉంటాయి. అత్తగారి పరీక్షలో అవి పాసవుతాయి. క్రిముల పరీక్షలోనూ పాసవుతాయి. తాతల అనుభవం, ప్రభుత్వ ప్రచారం రెండూ ఒకే పంపు వైపు వేలు చూపించాయి.

ఈ మొత్తం చరిత్రలో మలుపు అదేనని నా అభిప్రాయం. జనం చదువులేక మోసపోలేదు. వాళ్ళకి తెలిసినదీ వాళ్ళకి నేర్పినదీ ఒకదాన్నొకటి బలపరిచాయి. గ్రానైటు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవున్న నీళ్ళు రాతిలోని ఫ్లోరైడ్‌ని కరిగించుకుంటాయనీ, వానలు తక్కువైన నేలలో అది పలచబడదనీ, లోతుకి వెళ్ళేకొద్దీ పాత నీళ్ళు తగిలే అవకాశం పెరుగుతుందనీ బోరు వేసే ముందు ఊళ్ళో చెప్పినవాళ్ళు లేరు. 1937 నాటి పరిశోధన అప్పటికే అచ్చులో ఉంది.

తర్వాతి దిద్దుబాట్లు త్వరగా చెప్పుకోవచ్చు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి తయారుచేసింది. పద్ధతి మంచిదే. రోజూ కొలతగా కలిపేవాళ్ళు, అడుగున దిగిన మడ్డిని తీసి పారబోసేవాళ్ళు ఉండాలి. చాలా పథకాలు ఆ మనిషి జీతం దగ్గరే ఆగిపోయాయి. కొన్నిచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువున్న పంపులకి ఎర్ర రంగు పూశారు. దగ్గర్లో ఇంకో పంపు లేనప్పుడు రంగు ఏం చెబుతుంది? 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణకి జాతీయ కార్యక్రమం పెట్టింది, మొదట తీసుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఉంది. ఇక కృష్ణా నీళ్ళు ఇటు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన, 2024 మార్చిలో జాతికి అంకితం. అంకితం చేసేనాటికి ముంపు ఊళ్ళ పునరావాసం కూడా పూర్తి కాలేదు.

నివారణ పేరుతో ఊళ్ళలో జరిగిన ప్రచారం మీద మాత్రం కాస్త ఆగాలి. మచ్చలు పడ్డ గార పళ్ళ సంగతే తీసుకోండి. ఎనిమిదేళ్ళ లోపు, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడు ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్ వల్ల ఆ మచ్చ పడుతుంది. పైన అంటుకున్న మురికి కాదు, తోమితే పోదు. అయినా బడుల్లో పిల్లలకి ఎక్కువగా చెప్పింది సరిగ్గా పళ్ళు తోముకోమనే. అంటే తప్పు పిల్లలది. మరోపక్క టీవీలో ఫ్లోరైడ్ ఉన్న పేస్టు పళ్ళకి బలం అన్న ప్రకటన. పళ్ళు పుచ్చకుండా ఫ్లోరైడ్ పేస్టు పనిచేస్తుందన్నది నిజమే. దాన్ని మింగకూడదని, చిన్నపిల్లలకి బఠాణీ గింజంతే పెట్టాలని చెప్పకుండా ఈ ప్రాంతంలో ఆ ప్రకటన ఒక్కటే వినిపిస్తే, పంచాయతీ గోడమీద రాసిన ఫ్లోరైడ్ ప్రమాదం అన్న మాటకి విలువేముంటుంది?

కీళ్ళ నొప్పులదీ ఇదే వరస. నలభై దాటిన మనిషి నడుం పట్టేసిందంటే వాతం అనుకుని ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి బిళ్ళలు మింగుతాడు. ఏళ్ళ తరబడి మింగితే అవి కిడ్నీల మీద పడతాయి. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌ని బయటికి పంపాల్సినవీ కిడ్నీలే కాబట్టి అవి దెబ్బతిన్నవాళ్ళలో అది మరింత నిలవ ఉంటుంది. ఇక్కడి కిడ్నీ జబ్బులన్నిటికీ ఫ్లోరైడే మూలమని కొందరు గట్టిగా చెబుతున్నారు. అది ఇంకా తేలలేదు. తేలినది వేరే ఉంది: వంగిపోయిన ఎముకని మళ్ళీ నిలబెట్టే మందు లేదు, తొలిదశలో నీళ్ళు మారిస్తే నొప్పులు తగ్గే అవకాశం ఉంది, పాలు, ఆకుకూరలు, ఉసిరి లాంటివి తినే ఒంటికి నష్టం తక్కువ, నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు. కాచి తాగండి అన్న పాత సలహా క్రిములకి. ఫ్లోరైడ్ నీళ్ళని కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ రెండు సలహాల మధ్య తేడా చెప్పకుండా రెండూ ఒకే కరపత్రంలో వేస్తే ఇంట్లో ఆడవాళ్ళు ఏది పాటించాలి?

ఇక ఇవాళ్టి గొడవకి అసలు కేంద్రమైన క్యాన్ నీళ్ళు. 2014లో ఎన్టీఆర్ సుజల పథకం రెండు రూపాయలకి ఇరవై లీటర్లు అంటూ ఆర్వో నీళ్ళని ఊళ్ళోకి తెచ్చింది. ప్రైవేటు ప్లాంట్లు అప్పటికే ఉన్నాయి, తర్వాత వీధికొకటి వచ్చాయి. సరిగ్గా నడిచే ఆర్వో ఫ్లోరైడ్‌ని బాగానే తీసేస్తుంది. లోపలి పొర పాతబడితే తీసేది తగ్గిపోతుంది. ప్లాంటు వడకట్టి బయటికి వదిలేసిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, అది పక్క కాలవలోకి పోయి మళ్ళీ నేలలోకే ఇంకుతుంది. ప్లాంటు యజమాని చూపించేది టీడీఎస్ మీటరు. అది నీళ్ళలో కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక అంకె చెబుతుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ప్రమాణం ప్రకారం లీటరుకి ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే ఒకటిన్నర. వందల్లో వచ్చే టీడీఎస్ అంకెలో ఆ ఒకటిన్నర ఎక్కడ కనపడుతుంది? పప్పు పరీక్ష పోయి మీటరు పరీక్ష వచ్చింది, దొరకాల్సింది రెంటికీ దొరకలేదు.

అధికారుల వాదన ఇది. 2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకి 55 లీటర్ల లెక్కన కుళాయిలు ఇస్తున్నాం, సాగర్ నీళ్ళు ఫ్లోరైడ్ లేనివి, జనం వాటితో గిన్నెలు కడుక్కుని డబ్బులిచ్చి క్యాన్లు కొంటున్నారు. నది నీళ్ళు ఫ్లోరైడ్ విషయంలో బోరు నీళ్ళ కంటే ఎంతో మేలన్నది నిజం. క్యాన్ వ్యాపారానికి ఈ భయమే పెట్టుబడి అన్నదీ కాదనలేం.

ఊళ్ళవాళ్ళ మాటలో మాత్రం వివరాలు ఉన్నాయి. సాగర్ కుడి కాలవ చివర ఉన్న మనకి కాలవ వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజి ట్యాంకులు నిండుతాయి, వేసవి సగానికి అడుగంటుతాయి, అప్పుడు ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకుకి పాత బోరు మోటారే దిక్కు అంటారు. అదే ట్యాంకు, అదే పైపు, అదే కుళాయి. ఇవాళ వచ్చినవి ఏ నీళ్ళో చెప్పేది వాటర్‌మ్యాన్, అదీ అడిగితేనే. మసకగా ఉండి బురదవాసన వస్తే సాగర్ నీళ్ళనీ, తేటగా ఉంటే బోరు నీళ్ళనీ ఆడవాళ్ళు గుర్తుపడుతున్నారు. అంటే తేటనీళ్ళని చూసి అనుమానపడటం వాళ్ళకి వచ్చేసింది. నలభై ఏళ్ళ ప్రచారం తలకిందులైంది, ఏ అవగాహన సభా లేకుండానే. ఆ అనుమానంతోనే క్యాన్ కొంటున్నారు. ఏ రోజు ఏవి వస్తాయో తెలియని కుళాయి కంటే రోజూ ఒకేలా వచ్చే క్యాన్ నయమనుకోవడాన్ని అవగాహన లేకపోవడం అనాలంటే నాకు నోరు రావడం లేదు.

పరీక్షల కిట్లు ఊళ్ళకి ఇచ్చాం, ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చాం, అనుమానముంటే చూసుకోవచ్చు అంటున్నారు. కిట్‌లో ఫ్లోరైడ్ పరీక్ష ఉంది, రంగు మారడాన్ని బట్టి అంచనా తెలుస్తుంది. అయితే ఏ నీళ్ళు, ఏ రోజు నింపారన్నదే గొడవ. కాలవ నడిచే రోజుల్లో తీసిన సీసా, మే నెలలో తీసిన సీసా ఒకే ఫలితం ఇవ్వవు. అధికారుల కాగితం నిజమే కావచ్చు, ఊరివాళ్ళ ఫిర్యాదూ నిజమే కావచ్చు. వేసవిలో, ఊరి చివరి కుళాయి దగ్గర, తమ ముందే నీళ్ళు పట్టి పరీక్షించాలని, వచ్చిన అంకెని సచివాలయం గోడమీద రాయాలని ఊళ్ళవాళ్ళు అడుగుతున్నది అందుకే. గ్రామీణ నీటి పరీక్షలకి ఏళ్ళుగా ఉన్న నిబంధన ప్రకారం క్రిముల కోసం ఏడాదికి రెండుసార్లు చూడాలి, ఫ్లోరైడ్ లాంటి రసాయనాల కోసం ఒక్కసారి.