గోడ మీద పోస్టర్‌కి మన జబ్బు తెలియదు

మా బాబాయ్‌ది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం. ఉద్దానం వాళ్లకి విశాఖ అంటే ముందు గుర్తొచ్చేది బీచ్ కాదు, కేజీహెచ్ పెద్దాసుపత్రి. కిందటేడు ఆయన రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది) 4 దాటింది. ఆ రాత్రే పిన్ని కొడుకు, అంటే నా తమ్ముడు, ఫోన్‌లో "క్రియాటినిన్ తగ్గాలంటే ఏం చెయ్యాలి" అని వెతికి, వచ్చిన పేజీలు నాలుగైదు తెరిచి చదివాడు. తెల్లారేసరికి ఫోన్‌లో ఏది తెరిచినా ఒకటే ప్రకటన. డయాలసిస్ అక్కర్లేదు, 90 రోజుల్లో కిడ్నీలు మామూలవుతాయి, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని. చేశాడు. కొరియర్‌లో పొడి డబ్బాలు వచ్చాయి. మూడు నెలలకి 18,000 రూపాయలు. ఆ మూడు నెలలూ డాక్టర్ రాసిన మాత్రలు ఆపేశారు. మహారాణిపేటలో మా ఇంటికి తీసుకొచ్చేసరికి బాబాయ్ కాళ్లు వాచిపోయి ఉన్నాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

వార్డు బయట బెంచీ మీద కూర్చుని తమ్ముడు నన్నొక మాట అడిగాడు. "అక్కా, నేనెవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా చెప్పలేదు. నాన్న కిడ్నీల సంగతి వాళ్లకెలా తెలిసింది?"

జబ్బుల ప్రకటనలు మనకేం కొత్త కాదు. మొలలు, భగందరం, ఆపరేషన్ లేకుండా నయం అనే పోస్టర్లు బస్టాండు గోడల మీద, రైల్వే స్టేషన్ దారిలో చూస్తూనే పెరిగాం. వాటిని ఆపడానికి చట్టం 1954లోనే వచ్చింది. ఔషధాలు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం అది. దాని చివర 54 జబ్బుల పట్టిక ఉంది. షుగర్, క్యాన్సర్, పక్షవాతం, బీపీ, బొల్లి, ఇలా. వీటిని నయం చేస్తామని ప్రకటిస్తే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు. ఆ పట్టికలో బ్రైట్స్ డిసీజ్ అని ఒకటుంది, కిడ్నీ జబ్బుకి పాతకాలపు పేరు. అంటే మా తమ్ముడు చూసిన ప్రకటన లాంటిది 70 ఏళ్ల కిందటే నేరం.

ఈ చట్టం మా వాక్ స్వాతంత్ర్యాన్ని హరిస్తోందని మందుల కంపెనీలు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. హమ్‌దర్ద్ దవాఖానా కేసులో 1959 డిసెంబరులో తీర్పొచ్చింది. కొన్ని భాగాలు కొట్టేసినా చట్టం ఉద్దేశాన్ని కోర్టు నిలబెట్టింది. 1995లో టాటా ప్రెస్ కేసులో వ్యాపార ప్రకటనకీ వాక్ స్వాతంత్ర్యం వర్తిస్తుందంది, మోసపు ప్రకటనకి మాత్రం ఆ రక్షణ లేదంది. ఈ చర్చ అంతా ప్రకటన ఏం చెబుతోంది అన్నదాని చుట్టూనే తిరిగింది. ఎవరికి చెబుతోంది అన్న ప్రశ్న అప్పట్లో లేదు. గోడకి ఆ తెలివి లేదు కాబట్టి.

1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో తొలి బ్యానర్ ప్రకటనలు వచ్చాయి. ఆ తర్వాత మూడేళ్లకే, నెట్‌లో దొరికే ఆరోగ్య సలహాల గురించి వైద్య పరిశోధకులకి టెన్షన్ పట్టుకుంది. 1997లో ఇటలీ పరిశోధకులు పిల్లలకి జ్వరమొస్తే ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పే 41 వెబ్ పేజీలు తీసి పరీక్షించారు. వైద్య సూచనలకి దగ్గరగా ఉన్నవి నాలుగే నాలుగు. అదే ఏడు అమెరికా వైద్యసంఘం పత్రిక ఆరోగ్యపు పేజీకి నాలుగు గుర్తులుండాలంది. ఎవరు రాశారు, ఎక్కడి నుంచి తెచ్చారు, డబ్బు ఎవరిది, ఎప్పటిది. పాఠకుడు ఇవి చూసుకుంటాడని అందరూ ఆశపడ్డారు.

చూసుకోడని 2002లో తేలింది. గుంథర్ ఐసెన్‌బాఖ్ అనే పరిశోధకుడు జర్మనీలో 17 మందికి ఆరోగ్య ప్రశ్నలిచ్చి, ఇంటర్నెట్‌లో జవాబులు వెతకమని పక్కనుండి గమనించాడు. సైటు ఎవరిదో చెప్పే పేజీని ఒక్కరూ తెరవలేదు. జవాబు ఏ సైటులో దొరికిందో తర్వాత అడిగితే చెప్పగలిగినవాళ్లు బహు తక్కువ. మా తమ్ముణ్ణి తిట్టబోయిన ప్రతిసారీ నాకు ఈ 17 మంది గుర్తొస్తారు.

ఈలోగా ప్రకటన స్వభావమే మారింది. 2000లో గూగుల్ యాడ్‌వర్డ్స్ మొదలైంది. 2002 నుంచి అందులో మాటలకి వేలం పద్ధతి వచ్చింది. మనం వెతికే మాట మీద కంపెనీలు పాట పాడతాయి, మనం నొక్కితే డబ్బు కడతాయి. జబ్బు పేరు కూడా మాటే కదా. దాని మీదా పాటే.

ఆ శక్తి ఎంతటిదో మొదట బాగా చూపించినవాడూ ఐసెన్‌బాఖే. అప్పటికి ఆయన కెనడా చేరాడు. 2004-05 ఫ్లూ కాలంలో ఫ్లూ గురించి వెతికేవాళ్లకి "మీకు ఫ్లూ వచ్చిందా?" అని గూగుల్‌లో చిన్న ప్రకటన పెట్టాడు. అమ్మడానికేం లేదు, నొక్కితే ఆరోగ్య సలహాల పేజీ వచ్చేది. ఎంతమంది నొక్కారో వారం వారం లెక్క కట్టాడు. ఆ లెక్క దేశంలో ఫ్లూ కేసుల లెక్కతో పాటే పెరిగింది, తగ్గింది. డాక్టర్ల నుంచి వచ్చే నివేదికల కంటే ముందే కబురు చెప్పింది. అయిన ఖర్చు 400 డాలర్ల లోపే. ప్రజారోగ్యానికి ఇదొక వరం. కాని అదే ప్రయోగాన్ని పొడి డబ్బాలమ్మేవాడి వైపు నుంచి చూడండి. జబ్బు మనిషి ఎక్కడున్నాడో డాక్టర్ కంటే ముందు ప్రకటనకి తెలుస్తుంది.

తమ్ముడి ప్రశ్నకి సూటి జవాబు 2015లో టిమోతీ లిబర్ట్ అనే అమెరికా పరిశోధకుడి పనిలో దొరికింది. ఆయన 80,000కి పైగా ఆరోగ్యపు పేజీల్ని పరిశీలించాడు. 91 శాతం పేజీలు, తెరిచినవాడికి తెలియకుండా, బయటి కంపెనీలకి కబురు పంపుతున్నాయి. వెళ్తున్న కబుర్లలో 70 శాతం దాకా ఏ జబ్బు, ఏ లక్షణం, ఏ చికిత్స అన్నది కూడా చేరుతోంది. పేజీ చిరునామాలోనే జబ్బు పేరు ఉంటుంది మరి. ఆసుపత్రులూ దీనికి అతీతం కాదు. 2022లో ది మార్కప్ అనే వార్తాసంస్థ అమెరికాలో పేరున్న 100 ఆసుపత్రుల సైట్లు చూస్తే 33 చోట్ల ఫేస్‌బుక్ యజమాని మెటా వాళ్ల పిక్సెల్ పనిచేస్తోంది. కంటికి కనపడని ఆ చిన్న కోడ్ ముక్క మనం ఏం తెరిచామో ఫేస్‌బుక్‌కి చెబుతుంది. తమ్ముడు ఆ రాత్రి తెరిచిన నాలుగైదు పేజీల్లో ఇలాంటిది ఒక్కటున్నా చాలు.

ఫేస్‌బుక్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అవగాహన, కీమోథెరపీ వంటి విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లని ఏరి ప్రకటనలు చూపించే వీలు 2022 జనవరి 19 దాకా ఉండేది. తీసేస్తున్నామని అంతకు రెండు నెలల ముందు కంపెనీయే ప్రకటించింది.

మన దేశంలో వెతికే మాటకీ ప్రకటనకీ ఉన్న ముడి మీదికి కోర్టు వెళ్లిన సందర్భం ఒకటుంది, నాకది చాలా ముఖ్యమనిపిస్తుంది. విశాఖలో ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినా లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు ఉంటుంది. లింగ నిర్ధారణ ప్రకటనలపై ఉన్న నిషేధం ఇంటర్నెట్‌కీ వర్తించేలా 2003లో చట్టం సవరించారు. అయినా సెర్చ్ ఇంజన్లలో అవి వస్తూనే ఉన్నాయని డాక్టర్ సాబు మాథ్యూ జార్జ్ 2008లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కొన్ని మాటలు కొడితే ప్రకటన రాకుండా అడ్డుకుంటామని 2016లో ఒప్పుకున్నాయి. 2017 డిసెంబరులో తుది తీర్పొచ్చింది. తొమ్మిదేళ్లు పట్టింది, అదీ ఒక్క విషయానికి.

జబ్బుల ప్రకటనలకి అంత పట్టింపు రాలేదు. 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. మరుసటి ఏడు, ఆరోగ్య సలహాలిచ్చే డాక్టర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతేమిటో చెప్పాలన్నారు. మంచివే, కాని ఇవీ ప్రకటన ఏం చెబుతోంది అన్నదగ్గరే ఆగాయి. సమాచారం వైపు చూస్తే, 2011 నాటి ఐటీ నిబంధనలు మన ఆరోగ్య స్థితిని సున్నితమైన సమాచారంగా విడిగా గుర్తించాయి. 2023 డేటా రక్షణ చట్టంలో ఆ విడి గది లేదు. పిల్లల మీద గురిపెట్టి ప్రకటనలివ్వకూడదని మాత్రం ఉంది. బాబాయ్‌కి 56 ఏళ్లు.

ఇంకో చిక్కుంది. గోడ మీద పోస్టర్‌ని డ్రగ్ ఇన్‌స్పెక్టరూ చూస్తాడు, ఫొటో తీస్తాడు. ఫోన్‌లో ప్రకటన జబ్బున్న ఇంటికే వస్తుంది, ఆయన ఫోన్‌కి రాదు. పైన చెప్పిన పరిశోధనలు కూడా ఇటలీ, జర్మనీ, కెనడా, అమెరికాల్లో జరిగినవి. తెలుగులో వెతికేవాళ్లకి ఏం చూపిస్తున్నారో లెక్క కట్టే పని ఆంధ్రా యూనివర్సిటీ, ఆంధ్రా మెడికల్ కాలేజీ కలిసి మొదలుపెడితే, ఉద్దానానికి మేలు చేసినట్టే.

బాబాయ్‌కి ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. పోయిన గురువారం బయట కూర్చుని ఉండగా తమ్ముడు ఫోన్ చూపించాడు. అదే పొడి, డబ్బా మీద పేరు మారింది, ఫోన్ నంబరు మారింది. కేంద్ర వినియోగదారుల శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేద్దామని నా ఫోన్‌లో ఎంత వెతికినా ఆ ప్రకటన రాలేదు. వాడి ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీశాం. పేజీ ఒకసారి కిందికి లాగేసరికి వాడి ఫోన్‌లోనూ అది మాయమైంది.